కొండవాలుకు గోడ అడిగే ముందు కాలువ అడగాలి

2025 ఏప్రిల్ 30న తెల్లవారకముందే సింహాచలంలో, చందనోత్సవ దర్శనం కోసం మూడు వందల రూపాయల టికెట్ల వరుసలో నిలుచున్న భక్తుల మీద గోడ కూలి ఏడుగురు చనిపోయారు. పండుగకు కొద్ది రోజుల ముందే కట్టిన గోడ అది. అంతకు ఏడాది క్రితం, 2024 మే 7 సాయంత్రం, హైదరాబాద్ బాచుపల్లిలో నిర్మాణంలో ఉన్న ఒక అపార్ట్‌మెంటు రిటైనింగ్ వాల్, అంటే వెనక మట్టి జారిపడకుండా ఆపే గోడ, పడిపోయి, దాని పక్కన షెడ్లలో తలదాచుకుంటున్న ఏడుగురు చనిపోయారు. పొట్టకూటికి ఒడిశా నుంచీ ఛత్తీస్‌గఢ్ నుంచీ వచ్చిన కుటుంబాలవి. మృతుల్లో నాలుగేళ్ళ పసివాడు ఉన్నాడు. రెండు చోట్లా గోడ కొత్తదే. రెండు చోట్లా పడ్డది గట్టి వాన కురిసిన వేళే. ఆ తరువాత జరిగిన చర్చంతా సిమెంటు ఎంత కలిపారు, కాంట్రాక్టు ఎవరిది, సస్పెన్షన్లు ఎందరికి అన్న దగ్గరే తిరిగింది. అవి అడగవలసిన ప్రశ్నలే. అయితే గోడ వెనక చేరిన నీళ్ళు ఎటు పోవాలని అనుకున్నారన్న ప్రశ్న మాత్రం అంత గట్టిగా వినిపించలేదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఒక అర్జీ. విజయవాడ గుణదల కొండవాలున మా పిన్ని వాళ్ళ ఇల్లు ఉంది. ఆ మెట్లదారి వెంట ఉన్న ఇళ్ళవాళ్ళు కలిసి రాసుకున్న అర్జీని చదివి, తప్పులుంటే దిద్ది పంపమని నన్ను అడిగారు. ఇళ్ళ వెనక కొండ విరిగిపడకుండా రిటైనింగ్ వాల్ వెంటనే మంజూరు చేయాలన్నది అందులోని ఏకైక కోరిక. పేజీన్నర అర్జీలో నీళ్ళన్న మాట ఎక్కడా లేదు. నేను దిద్దవలసింది అక్షరదోషాలను కాదనిపించింది. ఆ మాట చెప్పినందుకు మా పిన్ని కొంచెం నొచ్చుకుంది కూడా.

నా వాదన ఇది. నిటారు వాలు మీద ఉన్న ఇళ్ళకు రిటైనింగ్ వాల్ అవసరం కావచ్చు, చాలా చోట్ల తప్పదు కూడా. అయితే వాననీటినీ ఇళ్ళ వాడుకనీటినీ కొండలోకి ఇంకనివ్వకుండా పక్కకు తీసుకుపోయే కాలువ ముందు పడాలి, గోడ ఆ తరువాతే లేవాలి. ఆ వరుస తప్పిన గోడ కొండను ఆపకపోగా, ఆపుతోందన్న ధీమాతో తన కిందికి మరో నాలుగు ఇళ్ళను రప్పిస్తుంది. నేను డిజైన్ ఇంజినీరును కాను. కొంతకాలం ఒక సివిల్ కాంట్రాక్టరు దగ్గర ఎస్టిమేట్లూ, జరిగిన పని కొలతలు ఎక్కించే ఎం-బుక్కులూ రాసినవాణ్ణి. గోడలు కాగితం మీద ఎలా ఉంటాయో, సైటులో ఎలా తయారవుతాయో దగ్గరగా చూసిన మేరకే ఈ మాటలు.

మొగల్రాజపురంలో ఏం పడింది

విజయవాడలో కొండ భయం గురించి ఎవరు మాట్లాడినా 2024 ఆగస్టు 31 దగ్గరికి వస్తారు. ఆ రోజు ఎడతెరిపి లేని వానలో మొగల్రాజపురం సున్నపుబట్టీల సెంటర్ దగ్గర కొండచరియలు ఇళ్ళ మీద పడి మనుషులు చనిపోయారు. మర్నాటికి బుడమేరు పొంగి సింగ్ నగర్ మునగడంతో ఊరి దృష్టంతా అటు మళ్ళింది. కొండ సంగతి వార్తల్లో రెండో వరుసకు జారింది. కొండవాలున ఉన్నవాళ్ళు మాత్రం మరిచిపోలేదు. మా పిన్ని వాళ్ళ అర్జీకి మూలం ఆ భయమే.

కానీ అక్కడ ఇళ్ళను నుజ్జు చేసినవి పైనుంచి దొర్లివచ్చిన బండరాళ్ళు. మట్టివాలు మొత్తంగా కిందికి జారడం వేరు, పగుళ్ళిచ్చిన రాయి ఊడి దొర్లడం వేరు. తూర్పు కనుమల్లో భాగమైన ఈ గుట్టల్లో ఖొండలైట్ రాయి ఎక్కువ. పైకి గట్టి బండలాగే ఉంటుంది గానీ, ఎండకూ వానకూ పగుళ్ళ వెంట లోలోపల మెత్తబడి మట్టిగా మారుతుంది; ఆ మట్టి పట్టులో కూర్చున్న రాయి, పట్టు నానిన రోజున కదులుతుంది. 2020 దసరా ఉత్సవాల్లో మూలా నక్షత్రం రోజున, ముఖ్యమంత్రి రాకకు కాస్త ముందు, ఇంద్రకీలాద్రి మీద చరియలు పడ్డది అందరికీ గుర్తుండే ఉంటుంది.

అలా పైనుంచి దొర్లే రాయికి, ఇంటి వెనక నాలుగు అడుగుల దూరంలో కట్టిన పది అడుగుల గోడ అడ్డం పడుతుందని నమ్మడానికి ఆధారం లేదు. రాయి ఎగిరి గోడను దాటవచ్చు. గోడకు తగిలితే గోడ రాళ్ళు కూడా దానితోపాటు ఇంట్లోకి రావచ్చు. రాళ్ళు పడే చోట చేయవలసిన పని వేరు: ఊగుతున్న బండలను వానాకాలానికి ముందే మనుషులను ఖాళీ చేయించి దింపడం, దింపలేనివాటిని ఇనుప కడ్డీలతో లోపలి గట్టిరాతికి బిగించడం, పైన ఉక్కు వల పరచడం, కింద జాగా ఉంటే రాళ్ళు పడి ఆగిపోయే వెడల్పాటి గుంత తవ్వి ఉంచడం. కాబట్టి గోడ అడగడానికి ముందే తేలవలసిన సంగతి ఒకటుంది: మన ఇంటి మీదికి రాబోయేది మట్టా, రాయా? గుణదలలో మా పిన్ని ఇంటి వెనక రెండూ ఉన్నాయి. కింది పదిహేను అడుగులు ఇళ్ళ కోసం తవ్వి నిటారు చేసిన ఎర్రమట్టి, దానిపైన రాయి. అర్జీలో రెంటినీ కలిపి కొండ అని రాశారు.

గోడను తోసేది ఏది

ఇక మట్టి సంగతి. మూడు మీటర్ల ఎత్తు గోడను, అంటే దాదాపు పది అడుగుల గోడను, ఉదాహరణకు తీసుకుందాం. వెనక పోసింది గ్రావెల్ కలిసిన మంచి మట్టి, అది పొడిగా ఉంది అనుకుంటే, గోడ ప్రతి మీటరు పొడవునూ సుమారు 2.7 టన్నుల బలం బయటికి తోస్తుంది. గోడ ఆ బలానికి తట్టుకునేలా కట్టారనుకుందాం. ఇప్పుడు ఆ మట్టిలో నీళ్ళు గోడ తలదాకా నిండాయి. నీటిలో మునిగిన మట్టి బరువు తేలికవుతుంది కాబట్టి దాని వాటా 1.5 టన్నులకు తగ్గుతుంది. కానీ నీరు ఒక్కటే 4.5 టన్నులు తోస్తుంది. మొత్తం ఆరు టన్నులు. అదే గోడ, అదే మట్టి, తోసే బలం మాత్రం రెండింతలు దాటింది. ఇందులో మేస్త్రీ పనితనానికీ సిమెంటు పాళ్ళకూ సంబంధం లేదు. ఎత్తు పెంచితే లెక్క ఇంకా వేగంగా చెడుతుంది. గోడ ఎత్తు రెట్టింపైతే తోసే బలం నాలుగింతలూ, గోడను తలకిందులు చేసే ప్రభావం ఎనిమిదింతలూ అవుతాయి.

నీళ్ళను లోపల నిలవనివ్వకపోవడమే దీనికి ఇంజినీర్లు కనిపెట్టిన ఉపాయం. గోడలో మూడు నాలుగు అంగుళాల పైపులు బయటికి కాస్త వాలుగా, మీటరున్నర రెండు మీటర్ల ఎడంతో, ఒక వరుసకూ ఇంకో వరుసకూ మధ్యలో పడేలా పెడతారు. వాటినే వీప్ హోల్స్ అంటారు. వాటి వెనక ఒక అడుగు మందాన కంకర, మట్టి వచ్చి కంకర సందులను పూడ్చకుండా మధ్యలో ఫిల్టరు గుడ్డ ఉండాలి. పైన గోడ తల వెనక ఒక కాలువ ఉండాలి. కొండ మీంచి వచ్చే వాన అసలు గోడ వెనక మట్టిలోకి దిగకుండా పక్కకు పోవాలి. భారతీయ ప్రమాణాల్లో కొండ ప్రాంతాల రిటైనింగ్ వాల్స్ కోసమే 1990ల చివరి నుంచి ఐఎస్ 14458 అనే ప్రమాణం ఉంది. ఇవన్నీ కొత్తగా కనుక్కోవలసిన విషయాలు కావు.

మరి ఎక్కడ పోతున్నాయి? ఎస్టిమేటుకూ గోడకూ మధ్యలో పోతున్నాయి. నేను చూసిన పనుల్లో గోడ ఘనపరిమాణాన్ని టేపు పెట్టి కొలుస్తారు, కాంక్రీటు క్యూబులు పరీక్షకు పంపుతారు, ఇనుము తూకం చూస్తారు. వెనక పోసిన కంకర మాత్రం, మట్టి కప్పేశాక ఎవరికీ కనిపించదు. బిల్లులో ఫిల్టరు ఉంటుంది, గోడ వెనక కూల్చిన ఇళ్ళ ఇటుక ముక్కలూ సున్నం పెళ్ళలూ ఉంటాయి. ఒకసారి ఒక తాపీ మేస్త్రీని పైపుల వరుస ఎందుకు వదిలేశావని అడిగితే, ఆయన నా అమాయకత్వానికి జాలిపడుతూ, "గోడకు అన్ని కన్నాలు పెడితే బలం ఏముంటుందండీ?" అన్నాడు. ఆయన అబద్ధం ఆడటం లేదు. ఆయన మనసులో గోడంటే అడ్డం నిలిచేదే. ఆ నమ్మకం మేస్త్రీ ఒక్కడిదే అయితే పెద్ద ఇబ్బంది లేదు. మంజూరు చేసేవాళ్ళూ అడిగేవాళ్ళూ కూడా అలాగే నమ్మడంతోనే చిక్కు వస్తోంది.

ముంబయి మలాడ్‌లో 2019 జులై 2న గుట్ట మీది రిజర్వాయరుకు రక్షణగా కట్టిన గోడ, వెనక చేరిన వాననీళ్ళతో సహా కింది గుడిసెల మీద పడి ముప్పైమంది దాకా చనిపోయారు. ఆ గోడ లేకపోయినా ఆ వాన కురిసేదే. నీళ్ళు ఎక్కడికక్కడ పారిపోయేవి. పారిపోవలసిన నీటిని ఒకచోట నిలబెట్టి, ఒక్కసారిగా వదిలింది గోడే.

మే నెలలో తడి

వానాకాలం ఒక్కటే శత్రువన్నట్టు ఇప్పటిదాకా రాశాను. అది సగం నిజమే. మా పిన్ని ఇంటికి రెండు మలుపుల కింద ఒక పాత రాతి గోడ ఉంది. మే నెల మధ్యాహ్నం, బెజవాడ ఎండకు మెట్ల మీద అరికాలు ఆనని వేళ, ఆ గోడ అడుగున మూరెడు ఎత్తు మేర పచ్చగా నాచు పట్టి ఉంది. చేయి పెడితే చల్లగా తగిలింది. గోడ మధ్యలో సన్నగా పొట్ట వచ్చింది. నెర్రె వెంట ఒక రావి మొక్క లేచింది. నెల రోజులుగా ఆ కొండ మీద చినుకు లేదు. ఆ తడి పై ఇళ్ళది. స్నానాల నీళ్ళు, అంట్ల నీళ్ళు, ఉదయం కుళాయి వచ్చినంతసేపూ కారే పైపు కీలు, అన్నిటికీ మించి ఇంటింటికీ ఉన్న సెప్టిక్ ట్యాంకు పక్కన తవ్విన ఇంకుడు గుంత. మైదానంలో ఇంకుడు గుంత మంచిదే. కొండవాలు మీద, కింద ఇంకొకరి ఇల్లు ఉన్నచోట, అది ఏడాది పొడవునా కింది గోడ వెనక్కి నీళ్ళు పోసే ఏర్పాటు. వాన వచ్చేసరికే ఆ మట్టి సగం నాని సిద్ధంగా ఉంటుంది.

ఆ గోడకు పైపులు ఉన్నాయి. కింది వరుసలో చాలా వాటి మూతుల్లో గుడ్డ పీలికలు కుక్కి పైన సిమెంటు పూసి ఉంది. గోడ కింది ఇంటావిడను అడిగితే దాచకుండా చెప్పింది: "ఏం చెయ్యమంటావు బాబూ, పొద్దస్తమానం మురుగు కారి మా వాకిలంతా పాచి పడుతోంది. మా అత్తగారు జారి పడి తుంటి విరగ్గొట్టుకుంది. పైవాళ్ళకు చెప్పి చెప్పి విసిగిపోయి మేమే మూసేసుకున్నాం." నేను కుక్కరు విజిల్ బిగించేసి పొయ్యి మీద పెట్టినట్టే అవుతుందని చెప్పబోయి ఆగిపోయాను. ఆవిడకు తుంటి విరిగిన అత్తగారు కళ్ళెదుట ఉంది. గోడ పడడం ఎప్పుడో జరగవచ్చునన్న మాట. ఆవిడ వాకిట్లో పడే నీటిని అందుకుని మెట్లపక్క కాలువలో కలిపే ఆరడుగుల తూము ఎవరైనా కట్టి ఉంటే ఆ పైపులు ఇవాళ తెరిచే ఉండేవి. గోడకు లక్షలు పెట్టిన పనిలో ఆ తూము ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఇంకో ఇబ్బంది వాలు మీద మాత్రమే ఉంటుంది. ఇక్కడ ఒకరి గోడ పైనవాడికి పునాది, కిందవాడికి ముప్పు. పై ఇంటాయన తన వాకిలి రెండు గజాలు పెంచుకోవడానికి గోడ లేపి వెనక మట్టి నింపితే, ఆ బరువంతా కింది ఇంటి గోడ మీద పడుతుంది. ఒకదానిపైన ఒకటిగా మెట్లలా కట్టే గోడల మధ్య, కింది గోడ ఎత్తుకు కనీసం రెండింతల ఎడం ఉంటేగానీ పైదాని భారం కిందిదాని మీద పడకుండా పోదన్నది కట్టుబడిలో వాడుకగా పాటించే లెక్క. పది అడుగుల గోడకు ఇరవై అడుగులన్నమాట. గుణదలలో అంత జాగా మా పిన్ని వాళ్ళ మొత్తం ఇంటికే లేదు. అందుకే ఒక్కో ఇంటికి ఒక్కో గోడగా మంజూరు చేయడం నాకు సరైన పద్ధతిగా తోచదు. వాలు అంతా ఒక్కటి. శిఖరం నుంచి రోడ్డు దాకా నీరు ఏ దారిన దిగుతుందో ఒకే పటం మీద గీసుకున్నాకే గోడ ఎక్కడ, ఎంత ఎత్తు అన్నది తేలాలి.

గోడ వెనక ఉన్న అసలు కోరిక

మా పిన్ని వాళ్ళ వీధిలో ఈ మాటలకు వచ్చిన జవాబులు తేలిగ్గా తీసేయదగ్గవి కావు. మొదటిది మా బాబాయి చెప్పింది. "కాలువ అడిగితే కాలువా రాదు, గోడా రాదు. గోడ అడిగితే గోడైనా వస్తుంది." ఈ లెక్కలో అనుభవం ఉంది. గోడ రోడ్డు మీదికి కనిపిస్తుంది, దానికి శంకుస్థాపన చేయవచ్చు, శిలాఫలకం బిగించవచ్చు. కొండ మీద చెట్ల మధ్య అడుగున్నర వెడల్పు కాలువకు కొబ్బరికాయ కొట్టడానికి అంత పైకి ఎవరూ ఎక్కరు.

రెండోది ఇంకా లోతైనది, ఎవరూ నోరు తెరిచి చెప్పనిది. కొండవాలున చాలామందికి ఇంటి పన్ను రసీదూ కరెంటు బిల్లూ ఉన్నాయి గానీ పట్టా లేదు. ప్రభుత్వం తమ ఇంటి వెనక గోడ కట్టిందంటే, ఈ ఇల్లు ఇక్కడ ఉండవచ్చునని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు వాళ్ళకు. నేను గోడ వద్దంటున్నానని వినగానే ఇద్దరు ముగ్గురు నన్ను అనుమానంగా చూశారు. ఇళ్ళు ఖాళీ చేయించే మాటకు ఇది తొలి మెట్టేమోనని వాళ్ళ భయం. ఆ భయం అర్థమయ్యాక, అర్జీలో ఆ ఒక్క మాట అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నారో నాకు తెలిసింది. పట్టా అడగవలసిన చోట గోడ అడుగుతున్నారు.

ఖాళీ చేయించడమే మేలని వాదించేవాళ్ళూ ఉన్నారు. అతి నిటారుగా ఉన్న చోట, పైన ఊగే రాయి ఉన్న చోట, నేనూ ఆ మాటే అంటాను. అక్కడ ఏ గోడా చాలదు. కానీ ఊరంతా కొండలు ఎక్కింది సరదాకు కాదు. బస్టాండుకూ బీసెంట్ రోడ్డు దుకాణాలకూ ఇళ్ళ పనులకూ నడిచిపోగల దూరంలో అద్దె లేని జాగా కొండ మీదే దొరికింది. ఊరి శివారు జక్కంపూడి లాంటి చోట కాలనీ కట్టి ఇల్లిచ్చినా, తెల్లవారి అయిదింటికి పనిలోకి చేరవలసిన మనిషికి ఆటో ఖర్చు జీతంలోంచే పోతుంది. కాబట్టి చాలామంది కొండ మీదే ఉంటారనే అనుకుని ఆలోచించాలి.

నా వాదన మీద నాకున్న సందేహం కూడా చెప్పాలి. కాలువ తనంతట తానే క్షేమం కాదు. కొండ మీద కాలువ ఆకులతో, ప్లాస్టిక్ కవర్లతో పూడుకుని, ఒకచోట పగిలిందంటే, వాలంతా పరుచుకుని పారవలసిన నీరు ఆ పగుల్లోంచి ఒకేచోట ధారగా దిగుతుంది. అది కాలువ లేకపోవడం కన్నా ప్రమాదం. గేబియన్ గోడ, అంటే వల బుట్టల్లో రాళ్ళు పేర్చి కట్టేది, నీటిని తనలోంచి వదిలేస్తుంది కాబట్టి పైపులు మూసుకుపోయే బెడద దానికి తక్కువ. కానీ దానికి అడుగున వెడల్పు ఎక్కువ కావాలి, ఇరుకు మెట్లదారుల్లో అది దొరకదు. వట్టివేరు నాటమని సలహా ఇచ్చే మిత్రులున్నారు. వేళ్ళు రెండు మూడు మీటర్లు దిగి పైమట్టిని పట్టి ఉంచే మాట నిజమే, తవ్వి నిటారు చేసిన గట్టుకు అది చాలదు. అన్ని దారులూ చివరికి ఒకే చోటికి వస్తున్నాయి: కట్టినదాన్ని ఏటా చూసుకునే మనిషి ఎవరు?

హాంగ్‌కాంగ్‌లో 1972 జూన్ 18న ఒకే రోజు రెండు చోట్ల వాలు జారి 130 మందికి పైగా చనిపోయారు. వాటిలో ఒకటి పో షాన్ రోడ్డు దగ్గర ఒక బహుళ అంతస్తుల భవనాన్ని నిలువునా కూల్చింది. 1976లో మళ్ళీ ప్రాణనష్టం జరిగాక, 1977లో వాలుల కోసమే ఒక ప్రభుత్వ కార్యాలయం పెట్టారు. ఇప్పుడు అక్కడ మనుషులు తవ్విన వాలులూ కట్టిన గోడలూ దాదాపు 60,000 నమోదై ఉన్నాయి. ఒక్కోదానికి ఒక నంబరు ఉంది, దాన్ని చూసుకోవలసిన బాధ్యత ఎవరిదో రాసి ఉంది. వాళ్ళకు డబ్బుంది, మనకు లేదన్న జవాబు వెంటనే వస్తుంది. గోడలు తిరగకట్టడానికి డబ్బు కావాలి, నిజమే. నంబరు వేయడానికి పెద్దగా అక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వార్డు సచివాలయాలు పెట్టారు, వాటిలో వార్డు సదుపాయాలు చూడడానికి ఇంజినీరింగ్ చదువుకున్న అమెనిటీస్ సెక్రటరీని నియమించారు. తన వార్డులోని ప్రతి రిటైనింగ్ వాల్‌కూ రంగుతో నంబరు వేసి, ఏటా మే నెలలో ఒకసారి పైకాలువ పూడిందా, గోడకు పొట్ట పెరిగిందా, పైపుల మూతులు తెరిచి ఉన్నాయా అని చూసి రాసే పని ఆ ఉద్యోగికి అప్పగించవచ్చు. ఎక్కడ మూతులు మూసి ఉంటే అక్కడ కింది ఇంటివాళ్ళ మీద కేకలు వేయడం మాని, ఆ నీరు పడే చోట తూముకు ఎస్టిమేటు వేయాలి. ఒక్కో గోడకు అరపూట చాలు. సామాను ఒక నిచ్చెన, పైపుల్లో దూర్చి చూడడానికి నాలుగడుగుల ఇనుప ఊచ.